ఎన్‌హెచ్‌ఎల్ హోం గేమ్‌కి మొదటిసారి వెళ్లేవాళ్లకి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తర అమెరికాలో నేషనల్ హాకీ లీగ్, అంటే ఎన్‌హెచ్‌ఎల్, జట్లు సొంత అరీనాలో ఆడే ఆటలకి కొత్తగా వెళ్లేవాళ్ల సందేహాలకి ఇవి జవాబులు. ఐస్ హాకీని టీవీలో చూసి "ఏమీ అర్థం కాలేదు" అని వదిలేసినవాళ్లు కూడా ఒక్కసారి అరీనాకి వెళ్లి చూడాలని నా కోరిక. టీవీ కెమెరా పక్ (ఆటలో బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) వెంటే తిరుగుతుంది. ఈ ఆటలో అసలు పని చాలావరకు పక్ లేని చోటే జరుగుతుంది. అది సీట్లో కూర్చుంటేనే కనిపిస్తుంది.

ఏ ఆటకి టికెట్ కొనాలి?

లీగ్‌లో 32 జట్లున్నాయి. 2025-26 సీజన్ వరకు ఒక్కో జట్టుకి 82 ఆటలు, వాటిలో 41 సొంత రింక్‌లో, అంటే సొంత మంచు మైదానంలో. 2026-27 నుంచి కొత్త ఒప్పందం ప్రకారం అవి 84 అవుతాయి, అంటే 42 హోం గేమ్‌లు. ఇన్ని ఉన్నప్పుడు మొదటి ఆటే ఖరీదైనది కొనక్కర్లేదు. శనివారం రాత్రి, పాత ప్రత్యర్థి వచ్చే రోజు, కానర్ మెక్‌డేవిడ్ లాంటి స్టార్ ఆటగాడు వచ్చే రోజు రేట్లు పెరుగుతాయి. మంగళవారమో బుధవారమో, అంత పేరులేని జట్టు వచ్చే రోజు చూసుకోండి. గెలిస్తే వచ్చే పాయింట్లు ఆ రోజూ రెండే, ఆటగాళ్ల వేగమూ అదే.

సీజన్‌కి ముందు సెప్టెంబర్‌లో జరిగే ప్రీసీజన్ ఆటలు ఇంకా చౌక. కాకపోతే వాటిలో జట్టులో చోటు కోసం పోటీపడే కుర్రాళ్లే ఎక్కువ. పెద్ద ఆటగాళ్లని చూద్దామని వెళ్తే నిరాశ తప్పదు.

ఎక్కడ కూర్చుంటే ఆట బాగా కనిపిస్తుంది?

కొత్తవాళ్లు ఎక్కువమంది ముందు వరసల కోసం వెతుకుతారు. మొదటి ఆటకి నేనైతే అది వద్దంటాను. ఎన్‌హెచ్‌ఎల్ రింక్ పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. మంచుకి సమానమైన ఎత్తులో కూర్చుంటే అవతలి చివర జరిగేది మనుషుల గుంపులాగానే కనిపిస్తుంది. మూలల్లో చుట్టూ ఉన్న గ్లాస్ వంపు తిరిగి ఉంటుంది కాబట్టి దూరంగా జరిగేది మరీ మసకగా ఉంటుంది. కొంచెం పైకి వెళ్తే ఆట ఆకారం తెలుస్తుంది. ఎవరు ఖాళీలోకి దూసుకెళ్తున్నారో, ఎవరు వెనక కాపలా ఉన్నారో, పాస్ ఎటు వెళ్లబోతోందో కళ్ల ముందే ఉంటుంది. కింది భాగంలో పదిహేనో వరస దాటాక ఎక్కడ దొరికినా మంచిదే. అది అందుబాటులో లేకపోతే పై భాగంలో మొదటి వరసలు తీసుకోండి. డబ్బుకి తగ్గ ఫలితం అక్కడే ఎక్కువ.

ఇంకో సంగతి. ఆట మూడు భాగాలు, ఒక్కోదాన్ని పీరియడ్ అంటారు. ప్రతి పీరియడ్‌కీ జట్లు వైపులు మారతాయి. అంటే మన జట్టు మొదటి, మూడో పీరియడ్లలో ఒకే గోల్ మీద దాడి చేస్తుంది. పాత అభిమానులు దాన్ని "షూట్ ట్వైస్" వైపు అంటారు. టికెట్ కొనేటప్పుడు సీట్ల మ్యాప్‌లో మన జట్టు బెంచీ (ఆటగాళ్లు కూర్చునే చోటు) ఎటుందో చూసుకోండి, దానికి దూరంగా ఉన్న గోల్ వైపే అది. అదే ధరకి సొంత జట్టు గోల్స్ దగ్గరగా చూసే అవకాశం దొరుకుతుంది.

అయితే గ్లాస్ పక్కన సీట్లు దండగా?

దండగ కాదు. ఆట కొంత తెలిశాక ఒక్కసారైనా కూర్చోవాలి. టీవీలో ఎప్పుడూ వినబడని శబ్దాలు అక్కడ వినిపిస్తాయి. స్కేట్ అంచు మంచుని గీకే చప్పుడు, పాస్ అందుకున్న కర్ర మీద టక్కుమనే దెబ్బ, "వెనకాల మనిషి!" అని ఒకరికొకరు వేసుకునే కేకలు. వంద కిలోల ఆటగాడు ఇంకొకర్ని మీ ముఖానికి అడుగు దూరంలో గ్లాస్‌కేసి అదిమినప్పుడు ఆ గ్లాస్ ఊగుతుంది, కూర్చున్నవాళ్లు అప్రయత్నంగా వెనక్కి జరుగుతారు. ప్రతి పీరియడ్ మొదలయ్యే ముందు గోలీ, అంటే గోల్‌కీపర్, తన గోల్ ముందున్న నీలం భాగంలో అడ్డంగా జారుతూ మంచుని గరుకు చేసుకోవడం కూడా దగ్గర్నుంచి చూడదగ్గదే. కొత్తగా వేసిన మంచు మరీ నున్నగా ఉంటుంది, పక్కకి తోసుకుని ఆగాలంటే గోలీకి ఆ గరుకు కావాలి.

ఎంత ముందు చేరుకోవాలి?

ఆటకి గంట ముందు. సెక్యూరిటీ క్యూ ఒక కారణమైతే, వార్మప్ అసలు కారణం. ఆట మొదలవడానికి సుమారు అరగంట ముందు రెండు జట్లూ మంచు మీదకొచ్చి పావుగంట పాటు ఆడతాయి. చాలా అరీనాల్లో ఆ కాసేపు పై సీట్ల వాళ్లని కూడా గ్లాస్ దాకా రానిస్తారు. పిల్లలు అట్టముక్కల మీద ఏదో రాసుకుని నిలబడతారు, ఆటగాళ్లు వాళ్లకి గ్లాస్ పైనుంచి పక్‌లు విసురుతారు. చిన్నపిల్లలతో వెళ్తే ఇది పోగొట్టుకోవద్దు. ఆట సంగతి మర్చిపోయినా ఆ పక్ మాత్రం వాళ్ల బల్ల మీద ఏళ్లపాటు ఉంటుంది.

లోపల బాగా చలిగా ఉంటుందా?

మంచు ఉష్ణోగ్రత దాదాపు మైనస్ 4, మైనస్ 5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతారు. సీట్ల దగ్గర అంత ఉండదు. ఒక స్వెటరో జాకెట్టో చాలు. మంచుకి దగ్గరయ్యేకొద్దీ చలి పెరుగుతుంది, పై వరసల్లో జాకెట్ తీసేసి కూర్చునేవాళ్లే ఎక్కువ. కింద కూర్చుంటే మందపాటి సాక్సులు వేసుకోండి, చలి ముందు పాదాలకే తెలుస్తుంది.

బ్యాగులు, టికెట్ల సంగతి?

బ్యాగు కొలతల నియమం అరీనాని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల చిన్న పర్సు తప్ప ఏదీ రానివ్వరు. బయల్దేరే ముందు అరీనా వెబ్‌సైట్లో చూసుకోండి. టికెట్లు దాదాపు అన్నిచోట్లా ఫోన్‌లోనే. గేటు దగ్గర జనం ఎక్కువైతే నెట్ నెమ్మదిస్తుంది, ఇంట్లోనే టికెట్‌ని ఫోన్ వాలెట్‌లో వేసుకుంటే టెన్షన్ ఉండదు. లోపల చాలాచోట్ల నగదు తీసుకోరు, కార్డు దగ్గర పెట్టుకోండి.

ఏ రంగు బట్టలు వేసుకోవాలి?

జెర్సీ ఉండాలనేం లేదు. వేసుకోవాలనుకుంటే, 2003-04 సీజన్ నుంచి ఎన్‌హెచ్‌ఎల్‌లో సొంత జట్టు మామూలుగా ముదురు రంగులో, వచ్చిన జట్టు తెలుపులో ఆడుతున్నాయి. ప్రత్యర్థి జెర్సీ వేసుకున్నా ఎవరూ ఆపరు. కాస్త ఆటపట్టిస్తారు, అంతే. ఒక్క కెనడాలోని విన్నిపెగ్‌లో మాత్రం ప్లేఆఫ్స్‌కి (సీజన్ చివర కప్పు కోసం జరిగే నాకౌట్ ఆటలకి) అభిమానులంతా తెల్లబట్టల్లో వస్తారు, 1987 నుంచి అక్కడ ఉన్న ఆచారం అది.

రూల్స్ తెలియవు. వెళ్తే అర్థమవుతుందా?

మూడు సంగతులు తెలిస్తే చాలు, మిగతావి పక్క సీట్లవాళ్లని అడగొచ్చు. హాకీ అభిమానులకి రూల్స్ చెప్పడమంటే మహా ఇష్టం.

ఒకటి ఆఫ్‌సైడ్. మంచు మీద రెండు నీలం గీతలుంటాయి. దాడి చేసేవాళ్లలో ఎవరైనా పక్ కంటే ముందు అవతలి నీలం గీత దాటి లోపలికి వెళ్తే ఆట ఆగుతుంది. రెండోది ఐసింగ్. మధ్య ఎర్రగీతకి ఇవతల, సొంత సగంలోంచే పక్‌ని అవతలి గోల్ గీత దాటేలా విసిరేస్తే ఆట ఆపి, పక్‌ని వాళ్ల గోల్ దగ్గరికే తీసుకొస్తారు. పైగా ఆ జట్టు ఆటగాళ్లని మార్చుకోవడానికి వీల్లేదు. అలిసిపోయినవాళ్లే మళ్లీ ఆడాలి. ఐసింగ్ తర్వాత వాళ్ల ముఖాలు చూడండి, ఆ శిక్ష ఎంత బరువైనదో తెలుస్తుంది.

మూడోది పెనాల్టీ. మామూలు తప్పుకి రెండు నిమిషాలు బయట కూర్చోవాలి, ఆ జట్టు గోలీ కాక ఐదుగురికి బదులు నలుగురితోనే ఆడాలి. అవతలివాళ్లకి అది పవర్ ప్లే. గోల్ కొడితే ఆ రెండు నిమిషాలూ ముందే ముగుస్తాయి. ఐదు నిమిషాల పెద్ద పెనాల్టీ మాత్రం ఎన్ని గోల్స్ పడినా పూర్తిగా నడుస్తుంది.

కొత్తవాళ్లని ఎక్కువగా తికమకపెట్టేది ఇంకొకటుంది. రిఫరీ చెయ్యి పైకెత్తి ఉంచుతాడు కానీ విజిల్ వెయ్యడు. ఉన్నట్టుండి ఒక జట్టు గోలీ గోల్ వదిలేసి బెంచీ వైపు పరుగు తీస్తాడు. అంటే అవతలి జట్టు తప్పు చేసింది, కానీ పక్ ఇవతలివాళ్ల దగ్గరే ఉంది. తప్పు చేసినవాళ్ల చేతికి పక్ చిక్కిన మరుక్షణం ఆట ఆగుతుంది కాబట్టి వాళ్లు గోల్ కొట్టలేరు. ఆలోగా గోలీ బదులు ఆరో ఆటగాణ్ణి దింపి దాడి చేస్తారు.

పక్ కనిపించడమే లేదు. ఏం చెయ్యాలి?

దాన్ని వెతకడం మానెయ్యండి. నేను అందరికీ ముందు చెప్పే మాట ఇదే. పక్ అంటే మూడు అంగుళాల వెడల్పు, ఒక అంగుళం మందం, 170 గ్రాములలోపు బరువున్న నల్లటి రబ్బరు బిళ్ల. ఎగరకుండా జారాలని ఆటకి ముందు దాన్ని గడ్డకట్టించి ఉంచుతారు. దాని వెంట కళ్లని పరుగెత్తిస్తే పది నిమిషాల్లో అలిసిపోతారు. ఆటగాళ్ల భుజాలు, తలలు ఎటు తిరిగాయో చూడండి, పక్ ఎక్కడుందో అవే చెప్తాయి.

అది అలవాటయ్యాక పక్ లేని ఒక ఆటగాణ్ణి ఎంచుకుని, అతను మంచు మీదున్నంతసేపూ అతన్నే చూడండి. ఆ సమయం నిమిషం కూడా ఉండదు. నలభై, యాభై సెకన్లు ఒంట్లో శక్తంతా పెట్టి ఆడి, బెంచీ గోడ దూకి కూర్చుంటారు. వాళ్లు దూకుతుండగానే ఇంకొకరు బయటికి దూకుతారు. ఆట ఆగదు. డిఫెన్స్ ఆటగాడైతే వెనక్కి స్కేటింగ్ చేస్తూ, ఎదుటివాణ్ణి కొంచెం కొంచెంగా గోడ వైపు నెట్టుకెళ్తూ, అసలు అతన్ని తాకకుండానే దారి మూసేస్తాడు. స్కోర్‌బోర్డులో ఆ పనికి లెక్క లేదు. టీవీలో అది చాలాసార్లు తెర బయటే ఉండిపోతుంది.

రెండో పీరియడ్‌లో ఇంకొకటి గమనించండి. వైపులు మారడం వల్ల బెంచీలు సొంత గోల్‌కి దూరమవుతాయి. రక్షణలో చిక్కుకున్నవాళ్లకి మారడం కష్టం. కాళ్లు బరువెక్కి, పక్‌ని బయటికి తొయ్యలేక, అక్కడక్కడే తిరుగుతుంటారు. అప్పుడు అరీనాలో మెల్లగా పెరిగే అరుపుల అర్థం ఇదే. చూసేవాళ్లకి గోల్ రాబోతోందని తెలిసిపోతుంది.

మధ్యలో లేచి వెళ్లొచ్చా?

ఆట నడుస్తుండగా లేవకూడదు, సీట్లోకి తిరిగి వెళ్లకూడదు. మెట్ల పైన సిబ్బంది ఆపుతారు, విజిల్ పడ్డాకే వదుల్తారు. ఈ మర్యాదని అందరూ గట్టిగా పాటిస్తారు, ఎందుకంటే మీరు నడిచే ఆ మూడు సెకన్లలో వెనకవాళ్లు గోల్ మిస్ కావచ్చు. పై భాగంలో కూర్చుని ముందుకి వంగడం కూడా అంతే. మీరు వంగితే వెనకాయన వంగాలి, ఆయన వెనకాయన వంగాలి. వీపు సీటుకి ఆనించి కూర్చోండి.

ఒక్కో పీరియడ్‌లో మూడుసార్లు టీవీ ప్రకటనల కోసం విరామం ఇస్తారు. 14, 10, 6 నిమిషాలు మిగిలి ఉన్నాయనగా, ఆ తర్వాత వచ్చే విజిల్ దగ్గర. సిబ్బంది పారలతో వచ్చి మంచు పొడి ఎత్తుతారు. గబగబా వెళ్లి రావాలంటే అదే సమయం.

ఆట ఎంతసేపు? విరామంలో ఏముంటుంది?

ఇరవై నిమిషాల పీరియడ్లు మూడు, మధ్యలో దాదాపు 18 నిమిషాల విరామాలు రెండు. మొత్తం రెండున్నర గంటలు. విరామం మొదలవగానే అందరూ బయటికి పరుగెత్తుతారు. ఒక ఐదు నిమిషాలు కూర్చుని జాంబోనీని చూడండి. 1949లో ఫ్రాంక్ జాంబోనీ కాలిఫోర్నియాలో తయారుచేసిన యంత్రం అది. గీతలు పడిన పై పొరని గీకేసి, వెనకాల వేడినీళ్లు పరుస్తూ పోతుంది. వేడినీళ్లు పాత మంచు పైపొరని కాస్త కరిగించి దానితో కలిసి గట్టిగా గడ్డకడతాయి. తెల్లగా గీతలు పడిన మంచు మీద నల్లగా మెరిసే పట్టీలు ఒక్కొక్కటే పరుచుకుంటుంటే పిల్లలు కదలరు. క్యూలు కూడా ఈలోపు కాస్త తగ్గుతాయి.

చాలాచోట్ల 50/50 లాటరీ అమ్ముతారు. వసూలైనదాంట్లో సగం గెలిచినవాళ్లకి, సగం సేవాకార్యక్రమాలకి.

చంటిపిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, కానీ చెవులకి రక్షణ లేకుండా వద్దు. గోల్ పడగానే మోగే హార్న్ పెద్దవాళ్లనే ఉలిక్కిపడేలా చేస్తుంది. 1973లో స్టాన్లీ కప్ (లీగ్ విజేతకిచ్చే కప్పు) ఫైనల్ రోజుల్లో షికాగో అరీనాలో ఓడలకి పెట్టే హార్న్ బిగించినప్పటి నుంచి ఈ అలవాటు లీగంతా పాకింది. పిల్లల సైజు ఇయర్‌మఫ్‌లు ఇంటి నుంచే తెచ్చుకోండి.

ఆటగాళ్లు కొట్టుకుంటే పిల్లలకి ఏం చెప్పాలి?

ముందుకంటే బాగా తగ్గింది, కానీ జరగొచ్చు. చేతి గ్లవ్స్ పడేసి ఇద్దరు కలబడతారు, లైన్స్‌మన్లు (రిఫరీలకి సాయపడే అధికారులు) సమయం చూసి విడదీస్తారు, ఇద్దరికీ ఐదేసి నిమిషాల శిక్ష. చుట్టూ జనం లేచి కేరింతలు కొడతారు. నాకది నచ్చదు, ఆటకి అది అవసరమనీ అనుకోను. "తప్పు చేశారు, అందుకే ఆ గదిలో కూర్చోబెట్టారు" అంటే పిల్లలకి వెంటనే అర్థమవుతుంది.

పక్ సీట్లలోకి వస్తే?

పట్టుకున్నవాళ్లదే. కానీ ఆట నడుస్తున్నంతసేపూ కళ్లు మంచు మీదే ఉంచండి, ఫోన్ చూడకండి. 2002 మార్చిలో కొలంబస్‌లో ప్రేక్షకుల్లోకి ఎగిరిన పక్ తగిలి పదమూడేళ్ల అమ్మాయి చనిపోయింది. ఆ తర్వాతే రెండు గోల్స్ వెనకా వలలు తప్పనిసరి చేశారు. పక్కవైపు సీట్లకి ఆ వల లేదు. పిల్లలు పక్కనుంటే వాళ్లని గోల్స్ వెనక వైపు కూర్చోబెట్టడమే నయం.

మంచు మీదకి టోపీలు ఎందుకు విసురుతారు?

ఒకే ఆటగాడు మూడు గోల్స్ కొడితే హ్యాట్ ట్రిక్. ఆ క్షణాన టోపీలు విసరడం ఒప్పుకున్న సంబరం. మిగతా ఎప్పుడు ఏది విసిరినా బయటికి పంపేస్తారు. విసిరిన టోపీ తిరిగి వస్తుందనుకోకండి, ఇష్టమైనది పెట్టుకుని వెళ్లొద్దు. డెట్రాయిట్‌లో ఏకంగా ఆక్టోపస్‌ని విసిరే సంప్రదాయం ఉంది. 1952లో మొదలైంది. అప్పట్లో కప్పు గెలవడానికి ప్లేఆఫ్స్‌లో ఎనిమిది విజయాలు కావాలి, దానికి ఎనిమిది కాళ్లు.

రెండు జాతీయగీతాలు పాడతారా?

అమెరికా జట్టు, కెనడా జట్టు తలపడితే రెండూ పాడతారు. లేచి, టోపీ తీసి నిలబడితే చాలు.

హోం జట్టుకి అరుపులు కాకుండా ఇంకేమైనా లాభం ఉందా?

ఉంది. ఆట ఆగినప్పుడు బయటినుంచి వచ్చిన జట్టు ముందుగా ఆటగాళ్లని మార్చాలి, ఆ తర్వాతే సొంత జట్టు కోచ్ మారుస్తాడు. అవతలి మేటి ఆటగాడు దిగితే, చూసి అతని మీదకి తన గట్టి డిఫెన్స్ జంటని దింపుతాడు. విజిల్ పడ్డాక బెంచీల వైపు చూస్తే ఈ ఎత్తులు తెలుస్తాయి.

స్కోర్ సమానమైతే?

మామూలు సీజన్‌లో ఐదు నిమిషాల ఓవర్‌టైమ్, ముగ్గురితో ముగ్గురు. అంత పెద్ద మంచు మీద గోలీలు కాక ఆరుగురే తిరిగితే ఖాళీలెన్ని దొరుకుతాయో ఊహించండి. ఒక్క గోల్ పడితే ఆట ముగిసినట్టే. అప్పటికీ తేలకపోతే షూటౌట్, అంటే ఒక్కొక్కరే వచ్చి గోలీ మీదకి పక్ కొట్టడం. ఓడినా ఒక పాయింటు దక్కుతుంది.

ట్రాఫిక్ భయంతో ముందే వెళ్లిపోవచ్చా?

ఒకటి రెండు గోల్స్ తేడా ఉంటే దయచేసి వద్దు. చివరి రెండు మూడు నిమిషాల్లో వెనకబడ్డ జట్టు గోలీని తీసేసి ఆరుగురితో దాడి చేస్తుంది. వాళ్ల గోల్ ఖాళీగా ఉంటుంది. ఆ కాసేపు అరీనాలో ఎవరూ కూర్చోరు. ముగిశాక ఆనాటి మేటి ముగ్గురిని "త్రీ స్టార్స్"గా పిలుస్తారు. 1936-37లో కెనడాలో త్రీ స్టార్ అనే పెట్రోలు ప్రచారం కోసం మొదలుపెట్టిన అలవాటది. పెట్రోలు పోయింది, మర్యాద మిగిలింది.

టికెట్లు మరీ ఖరీదైతే?

ఎన్‌హెచ్‌ఎల్ జట్ల కింద పెరిగే ఆటగాళ్లు ఆడే అమెరికన్ హాకీ లీగ్ ఉంది. అదీ ప్రొఫెషనల్ ఆటే. అరీనాలు చిన్నవి, ధరలు తక్కువ, ఆటగాళ్లు దగ్గరగా కనిపిస్తారు. పెన్సిల్వేనియాలో హెర్షీ బేర్స్ జట్టు ఏటా ఒక ఆటలో తన మొదటి గోల్ పడగానే పిల్లల సంస్థల కోసం ప్రేక్షకుల చేత మంచు మీదకి టెడ్డీబేర్లు విసిరిస్తుంది. 2025 జనవరిలో అవి లక్ష దాటాయి. నాకు తెలిసి క్రీడా మైదానంలో అంత ఆనందంగా ఆట ఆగే సందర్భం ఇంకోటి లేదు.

ప్లేఆఫ్స్‌కి వెళ్లాలంటే?

ఏప్రిల్ నుంచి జూన్ దాకా నాలుగు రౌండ్లు, ఒక్కోదాంట్లో నాలుగు విజయాలు ముందు సాధించినవాళ్లు ముందుకెళ్తారు. షూటౌట్ ఉండదు, గోల్ పడేదాకా ఇరవై నిమిషాల ఓవర్‌టైమ్‌లు నడుస్తూనే ఉంటాయి. 1936లో డెట్రాయిట్, మాంట్రియల్ మరూన్స్ ఆట ఆరో ఓవర్‌టైమ్‌లో గానీ తేలలేదు. కాబట్టి మర్నాడు పొద్దున్నే పనులు పెట్టుకోకండి. ఐదు, ఆరు, ఏడో ఆటలకి టికెట్లు ముందే అమ్ముతారు. సిరీస్ ముందే తేలిపోయి ఆ ఆట జరగకపోతే డబ్బు వెనక్కిస్తారు, రసీదు మాత్రం దాచుకోండి.